తూటాలు తిరిగి నింపే ప్రెస్సు: తక్కువ ఖర్చులో ఏది మేలు?

ప్రశ్న: కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి గ్రీన్ కార్డు మీద అమెరికాలో, డాలస్ దగ్గర ఉంటున్నాడు. పిస్టల్ షూటింగ్ పోటీలకు వెళ్తాడు, నెలకు 800 దాకా 9 ఎంఎం తూటాలు కాలుస్తాడట. కాల్చిన ఇత్తడి గుల్లలను ఏరి తెచ్చుకొని ఇంట్లోనే మళ్లీ నింపుకునే ప్రెస్సు కొనాలనుకుంటున్నాడు. పిడి ఒక్కసారి లాగితే ఒక తూటా తయారయ్యే చవక యంత్రం ఒకటి చూసిపెట్టుకొని నా సలహా అడిగాడు. యంత్రాల సంగతి తెలుసు కానీ ఈ పని నాకు కొత్త. ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు ఉంది. సంక్రాంతి దాటాక నేనూ అక్కడికి వెళ్తున్నాను. ఏది కొనమంటారు? కొన్నాళ్లు వాడాక దాన్ని ఇండియాకు తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: నెలకు 800 తూటాలకు నేను సూచించేది నాలుగు డైలు (గుల్ల మీద ఒక్కో పని చేసే అచ్చులు) ఉండే టరెట్ ప్రెస్సు. పేరు చెప్పమంటే లీ కంపెనీ తయారుచేసే క్లాసిక్ టరెట్. మీ అబ్బాయి చూసిపెట్టుకున్న చవక ప్రోగ్రెసివ్ ప్రెస్సును మాత్రం మొదటి యంత్రంగా కొనవద్దని గట్టిగా చెబుతాను. కారణం అర్థం కావాలంటే ముందు ఆ పని ఎలా జరుగుతుందో తెలియాలి.

తూటా పేలినప్పుడు ఇత్తడి గుల్ల ఉబ్బుతుంది. దాన్ని డైలోకి నెట్టి తిరిగి కొలతకు తేవాలి. పిడి లాగిన ఆ లాగులోనే అడుగున ఉన్న పాత ప్రైమర్ (దెబ్బ తగిలితే పేలి మందును అంటించే చిన్న బిళ్ల) ఊడిపోతుంది. తరువాత కొత్త ప్రైమర్ నొక్కాలి, గుల్ల మూతిని కొద్దిగా వెడల్పు చేసి కొలిచిన తుపాకి మందు పోయాలి, బుల్లెట్‌ను (తూటా కొసన ఉండి గొట్టంలోంచి దూసుకుపోయే లోహపు ముక్కను) నిర్ణీత లోతుకు దించాలి, చివరికి మూతిని సరిచేసి బిగించాలి. అన్ని ప్రెస్సులూ చేసేది ఈ పనినే. సింగిల్ స్టేజ్ ప్రెస్సులో ఒకసారికి ఒకే డై ఉంటుంది కనుక గుల్లలన్నిటికీ ఒక పని పూర్తిచేసి, డై మార్చి, రెండో పని మొదలుపెట్టాలి. గంటకు 50 తూటాలు తయారైతే గొప్ప. టరెట్‌లో నాలుగు డైలు పైన గుండ్రటి పళ్లెంలో ఉంటాయి, గుల్ల ఒకేచోట నిలబడి ఉంటుంది, పిడి లాగినప్పుడల్లా పైనున్న పళ్లెం ఒక్కో డైని గుల్ల మీదికి తిప్పుతుంది. నాలుగు లాగులకు ఒక తూటా చొప్పున, తీరిగ్గా చేసినా గంటకు 150 వరకు వస్తాయి. ప్రోగ్రెసివ్‌లో దీనికి భిన్నంగా కిందనున్న ప్లేటులో గుల్లలే వరుసగా తిరుగుతాయి. ఒక్క లాగులో ఒక గుల్లకు ప్రైమర్, ఇంకోదానికి మందు, వేరొకదానికి బుల్లెట్ ఒకేసారి పడతాయి కనుక గంటకు 400 దాటుతాయి.

మీ అబ్బాయిని ఆకర్షించినది ఈ వేగమే. అయితే ప్రతి లాగులో నాలుగైదు చోట్ల జరిగే పనిని కొత్తవాడి కన్ను ఒకేసారి పట్టుకోలేదు. ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే తప్పులు రెండున్నాయి. మందు పడని గుల్లలో ప్రైమర్ ఒక్కటే పేలితే బుల్లెట్ బయటికి రాకుండా తుపాకి గొట్టంలోనే ఇరుక్కుపోతుంది. పోటీ హడావుడిలో అది గమనించకుండా రెండో తూటా కాలిస్తే గొట్టం పగులుతుంది. రెండో తప్పు ఒకే గుల్లలో రెండుసార్లు మందు పడటం. పిస్టల్ మందుల్లో చాలావాటికి ఒక మోతాదు 9 ఎంఎం గుల్లను సగం కూడా నింపదు. అంటే రెండింతలు పడినా పొంగిపొర్లదు, బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది, బయటినుంచి చూస్తే తేడా తెలియదు. టరెట్‌లో మీ ముందుండేది ఒకే గుల్ల. మందు పడిన తరువాత లైటు వెలుతురులో లోపలికి చూసి, మట్టం సరిగా ఉందని తెలిశాకే బుల్లెట్ పెట్టే అలవాటు చేతికి వస్తుంది. ఆ అలవాటు వచ్చినవాడు రేపు ఏ ప్రెస్సు మీదికి మారినా దాన్ని వదలడు.

చవక ప్రోగ్రెసివ్‌లు పనికిరావని నేను అనడం లేదు. లీ ప్రో 1000 వంటివాటి మీద సంవత్సరాల తరబడి నింపుకుంటున్నవారు ఎందరో ఉన్నారు. కానీ వాటిలో ప్రైమర్లు తమ బరువుతోనే వాలుగాడిలో జారి దిగుతాయి. గాడిలో ప్రైమర్లు తగ్గినా, దుమ్ము చేరినా ఒకటి పడకుండా పోతుంది, ఆ గుల్లలో పోసిన మందు అడుగు రంధ్రంలోంచి కారి ప్లేటు కింద చేరుతుంది. ప్లేటు తిరిగే సమయాన్ని కూడా అప్పుడప్పుడు సరిచేసుకోవాలి. సరైన లాగు చేతికి ఎలా తగులుతుందో తెలిసినవాడికి ఇవి చిన్న విషయాలు, తెలియనివాడికి మాత్రం ఏది యంత్రం తప్పో ఏది తన తప్పో తేలదు.

క్లాసిక్ టరెట్‌లో మీరు చూడవలసిన భాగం ఒకటుంది. పళ్లెం తిరగడానికి మధ్యలో మెలితిరిగిన చదరపు కడ్డీ ఉంటుంది, దాన్ని పట్టుకునేది చిన్న ప్లాస్టిక్ రాచెట్టు. లాగు మధ్యలో ఆపి వెనక్కి తిప్పినా, పళ్లాన్ని చేత్తో బలవంతంగా తిప్పినా అరిగేది అదే. చాలా చవక, కనుక రెండు మూడు అదనంగా తెప్పించి పెట్టుకోమనండి. ఆ కడ్డీని తీసేస్తే ఇదే ప్రెస్సు సింగిల్ స్టేజ్‌లాగా పనిచేస్తుంది. మొదటి వంద తూటాలను అలాగే, ఒక్కో పని విడివిడిగా చేసి నేర్చుకోవడం మంచిది.

నెలకు 1500 దాటి కాల్చే రోజు వస్తే అప్పుడు డిల్లన్ 550 గురించి ఆలోచించవచ్చు. ధర టరెట్‌కు రెండింతలకు పైనే, కానీ అది గట్టి యంత్రం, కంపెనీ జీవితకాలం విడిభాగాలు ఇస్తుంది, కనుక సెకండ్ హ్యాండ్‌లో దొరికినా నష్టం లేదు. దాని ప్లేటును మాత్రం చేత్తో తిప్పాలి, తిప్పడం మరిచి మళ్లీ పిడి లాగితే పైన చెప్పిన రెండింతల మందు పడుతుంది. అదే కంపెనీ స్క్వేర్ డీల్ ప్రెస్సు చూడటానికి అందుబాటు ధరలో ఉంటుంది, కానీ అది తన సొంత డైలనే తీసుకుంటుంది, పిస్టల్ తూటాలకే పనికొస్తుంది. రేపు ప్రెస్సు మార్చితే ఆ డైలు వృథా అవుతాయి.

టరెట్ కొనగా మిగిలిన డబ్బును మంచి తూకపు కాటాకు, దాన్ని పరీక్షించే రాళ్లకు, వెర్నియర్ కాలిపర్‌కు, కార్బైడ్ డైలకు పెట్టమనండి. కార్బైడ్ డై ఉంటే పిస్టల్ గుల్లలకు నూనె రాయనక్కరలేదు. మందు మోతాదును గ్రెయిన్లలో తూస్తారు, ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. ఇంత చిన్న తూకంలో కాటా నమ్మదగ్గది కాకపోతే తక్కినవన్నీ బాగుండి లాభం లేదు. మోతాదులను మందు తయారీదారులు ప్రచురించిన పుస్తకాల నుంచే తీసుకోవాలి, అందులో చెప్పిన తక్కువ మోతాదుతోనే మొదలుపెట్టాలి. మిత్రులు చెప్పిన లెక్కలను, ఎంత అనుభవజ్ఞులు చెప్పినా సరే, తీసుకోవద్దు. బెంచీ ఊగితే కొలపాత్రలోంచి పడే మందు ఎక్కువ తక్కువలవుతుంది. గోడకు బిగించిన మందపాటి చెక్క బెంచీ తయారుచేసి ఇవ్వడం మీ చేతిలో పని.

మనవరాలి విషయం వేరుగా చెప్పాలి. ప్రైమర్లలో సీసపు సమ్మేళనం ఉంటుంది. కాల్చిన గుల్లలను శుభ్రపరిచే టంబ్లర్ దుమ్ములో ఆ సీసం చేరుతుంది, పసిపిల్లలకు అది ఏ మోతాదులోనైనా హానికరమే. నీటితో కడిగే టంబ్లర్ వాడాలి, పని గ్యారేజీ దాటి ఇంట్లోకి రాకూడదు, చేతులు కడిగి చొక్కా మార్చుకున్నాకే పాపను ఎత్తుకోవాలి. మందును, ప్రైమర్లను కంపెనీ డబ్బాల్లోనే, తాళం వేసిన చెక్క బీరువాలో ఉంచాలి. గట్టి ఇనుప పెట్టెలో బిగిస్తే నిప్పంటుకున్నప్పుడు ఒత్తిడి పెరిగి పేలుతుంది. అమెరికా అగ్ని భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల వరకు, అంటే సుమారు 9 కిలోల వరకు మందును దాని సొంత డబ్బాల్లో ఉంచవచ్చు. ప్రైమర్లు 10,000 మించకూడదు.

తన వాడకానికి తాను నింపుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు. తయారుచేసి అమ్మే వ్యాపారానికి మాత్రం లైసెన్సు తప్పనిసరి, కనుక మిత్రుల దగ్గర డబ్బులు తీసుకొని నింపి ఇవ్వడం జోలికి పోవద్దని చెప్పండి.

ఇక ఇండియాకు తేవడం. దయచేసి తేవద్దు. మన ఆయుధ చట్టం, 1959లో తూటాలకిచ్చిన నిర్వచనంలోనే వాటి విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా చేరి ఉన్నాయి. అంటే తూటా ఒక్కటి లేకపోయినా, సూట్‌కేసులో ఆ ప్రెస్సు ఉంటే చట్టం దృష్టిలో తూటాలు తెచ్చినట్టే. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే, 2019 సవరణ తరువాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం వరకు ఉండవచ్చు. పాత డైలు, ఖాళీ గుల్లలు జ్ఞాపకార్థం అని కూడా సంచిలో వేసుకోకండి.

ప్రశ్న: మా తమ్ముడు హెచ్-1బి వీసా మీద అమెరికాలో ఉన్నాడు. మిత్రుడి ప్రెస్సు మీద తూటాలు నింపడం నేర్చుకుంటానంటున్నాడు. తప్పేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఉంది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకినే కాదు, తూటాలను కూడా దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతోంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు చేతికి వచ్చాక, అక్కడి న్యాయవాదిని ఒకసారి అడిగి ఆ తరువాతే మొదలుపెట్టమనండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. పై ఉత్తరం రాసిన హనుమకొండ పాఠకుడు విజిటర్ వీసా మీద వెళ్తున్నట్టయితే ఇదే నియమం ఆయనకూ వర్తిస్తుంది. బెంచీ కట్టి, ప్రెస్సు బిగించి, డైలు సరిచూసి ఇవ్వవచ్చు కానీ, మందు, ప్రైమర్లు, గుల్లలు, బుల్లెట్లు, తూటాలు ముట్టే పనిని అబ్బాయికే వదిలేయాలి.