పెంపుడు పిట్టలు: ఒక పెట్ట వదిలేసిన గుడ్లను మరో పెట్ట కింద పెట్టొచ్చా?

ప్రశ్న: మూడు జతల బడ్జీలను (చిన్న రకం పెంపుడు చిలుకలు) ఒకే పెద్ద పంజరంలో పెంచుతున్నాం. ఒక పెట్ట అయిదు గుడ్లు పెట్టి, పది రోజులు పొదిగి, ఉన్నట్టుండి గూడుగా కట్టిన ముంతలోకి వెళ్లడం మానేసింది. పక్క ముంతలో మరో పెట్ట నాలుగు గుడ్లు పొదుగుతోంది. వీటిని దాని కింద పెట్టొచ్చా? – ఖమ్మం పాఠకురాలు

జవాబు: పెట్టొచ్చు. ఈ జవాబు అచ్చయ్యేసరికి ఆ గుడ్ల సంగతి ఎలాగూ తేలిపోయి ఉంటుంది కాబట్టి, వచ్చేసారికి గుర్తుంచుకోండి. గుడ్లు చల్లగా తగిలినంత మాత్రాన పారేయకండి. కొన్ని గంటలు చల్లబడినా పిండం బతికే ఉండొచ్చు.

చీకటి గదిలో, అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి, ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి. అయిదారు రోజులు పొదిగిన గుడ్డులో ఎర్రటి సన్న నరాలు కనిపిస్తాయి. వారం దాటితే పెంకు సుద్దలా తెల్లబడుతుంది. లోపలంతా తేటగా, పసుపుగా ఉంటే ఖాళీ గుడ్డు. నరాలు పోయి ఎర్రటి ఉంగరంలాంటి గీత మిగిలితే పిండం చచ్చినట్టే.

తర్వాత తేదీలు. బడ్జీ రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది. పొదుగు మొదలయ్యాక సుమారు 18 రోజులకు పిల్ల వస్తుంది. రెండు పెట్టల పొదుగుకూ మధ్య నాలుగైదు రోజులకు మించి తేడా ఉండకపోతే మంచిది. పెట్ట పొదగడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిందనుకోండి, పిల్ల బయటపడే వేళకు పాలలాంటి తొలి మేత దాని దగ్గర సిద్ధంగా ఉండకపోవచ్చు. ఆలస్యమైనా ముప్పే: పన్నెండు, పదిహేను రోజుల పిల్లల మధ్య అప్పుడే పుట్టింది నలిగిపోతుంది.

ఒక పెట్ట కింద ఆరు గుడ్లు చాలు. మీ లెక్కన మొత్తం తొమ్మిది. రెండు ముంతల్లోని ఖాళీవి పక్కన పెట్టి చూడండి, ఆరులోపే తేలవచ్చు. మిగిలితే, మూడో జత కూడా పొదుగులో ఉంటే దానికి పంచండి. తెచ్చిన గుడ్డు మీద స్కెచ్ పెన్నుతో చిన్న గుర్తు పెట్టండి. పెన్సిల్ మొన పెంకును పొడిచే ప్రమాదం ఉంది. పెట్ట మేతకు బయటికొచ్చినప్పుడు, కడిగి ఆరిన వెచ్చటి చేతులతో గుడ్లు చేర్చండి. ఒకటి రెండు ఖాళీ గుడ్లు ఉంచితే తొలి పిల్ల ఆనుకోవడానికి పనికొస్తాయి.

ఇక అసలు ఎందుకు వదిలేసిందో చూడాలి. ఒకే పంజరంలో ముంతల కోసం పెట్టలు కొట్టుకోవడం మామూలే. మూడు జతలకు మూడు ముంతలు సరిపోవు. ఆరు, అన్నీ ఒకే ఎత్తులో కట్టండి. ముంతలో పేలు, రాత్రి పంజరం దగ్గర పిల్లి తచ్చాడటం కూడా కారణాలు కావచ్చు.

ప్రశ్న: మా పెట్ట గుడ్డు పెట్టలేక ఉబ్బి, పంజరం అడుగున కూర్చుంటోంది. నూనె రాసి నొక్కమంటున్నారు. – గుంటూరు పాఠకుడు

జవాబు: నొక్కొద్దు. లోపల గుడ్డు పగిలితే పిట్ట దక్కదు. 30 డిగ్రీల వెచ్చదనంలో విడిగా ఉంచి, అదే రోజు పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. తరచుగా కారణం కాల్షియం లోపం. గుడ్లకు ముందునుంచే పంజరంలో సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) కట్టండి, మునగాకు వేయండి. ఏడాది నిండని పెట్టను జత కట్టొద్దు.