ఈటె కాదు, చీల్చడం

అమ్మాయీ,

కథ చదివాను. ఆసుపత్రి వరండా బాగా వచ్చింది. కానీ రెండో పేజీలో డాక్టరు చేత 'లాన్సినేటింగ్ పెయిన్' అనిపించి, వెంటనే 'లాటిన్‌లో లాన్సియా అంటే ఈటె, కాబట్టి ఈటెపోటు' అని పాఠం చెప్పించావు చూడు, అక్కడ ఒళ్లు మండింది.

లాన్సియా ఈటే. డాక్టర్ల చిన్న కత్తి లాన్సెట్ దాని బిడ్డే. నీ మాట మాత్రం లాన్సినారే అనే క్రియది. దానికి అర్థం చీల్చడం, పీలికలు చేయడం. పొడవడానికి లాటిన్‌లో పుంగెరె ఉంది. సైకిల్ షాపు బోర్డు మీది పంక్చరు దానిదే. మనసుని తాకిందని ఇంగ్లీషువాళ్లు అనే 'పాయినెంట్' కూడా ఫ్రెంచి మీదుగా అక్కణ్నుంచే వచ్చింది.

అయితే వైద్యులే చీల్చడాన్ని పోటు కిందికి లాగేశారు. 1975లో కెనడా మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు మనస్తత్వవేత్త రోనాల్డ్ మెల్జాక్ 78 నొప్పి మాటల్ని 20 గుంపులు చేసి, రోగి నొప్పి ఎలాంటిదో అడిగి తెలుసుకునే మెక్‌గిల్ ప్రశ్నావళి ప్రచురించాడు. అందులో గుచ్చడం, తొలచడం, పొడవడం ఉన్న గుంపులో అన్నిటికన్నా తీవ్రమైన మాటగా చివర లాన్సినేటింగ్‌ని పెట్టాడు. అంటే మీ డాక్టరు వాడుక సరైనదే, నువ్వు కట్టిన వంశమే తప్పు.

అసలు నొప్పికి విశేషణం దేనికి? క్రియ కావాలి. పన్ను సలుపుతుంది, కాళ్లు పీకుతాయి, నడుం పట్టేస్తుంది. శూలకి ఆ పేరెందుకో చెబుతూ సుశ్రుతుడు కూడా మేకు దిగ్గొట్టినట్టుంటుంది కనకే అన్నాడు. 'భరించరాని బాధ' అంటే ఎవరికి ఏమవుతున్నట్టు?

నాకు కిడ్నీలో రాయి వచ్చినప్పుడు డాక్టరు నొప్పి ఎంత అని అడగలేదు. 'పొడుస్తోందా, మెలిపెడుతోందా, గజ్జల్లోకి దిగుతోందా?' అన్నాడు. ఆ ప్రశ్నల మీదే కథ రాసి పంపాను. ఒక వారపత్రిక సంపాదకుడు 'మెలిపెట్టడం' కొట్టేసి 'దుర్భర వేదన' అని అచ్చేశాడు. పారితోషికం కూడా ఎగ్గొట్టాడు, అది వేరే సంగతి. ఆయన పోయాడు, నా కోపం పోలేదు. ఇప్పుడు మీ తరం ఇంగ్లీషు మాట వేసి పక్కనే అర్థం అతికిస్తోంది. ఆయనే నయమేమో.

నీ కథలో మామ్మకి ముఖం నరం నొప్పి కదా. చల్లగాలి తగిలినా, పళ్లు తోమినా, ముద్ద నమిలినా కరెంటు కొట్టినట్టు వస్తుంది. క్షణాల్లో పోతుంది, మళ్లీ వస్తుంది. ఆవిడ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోవడం రాయి. డాక్టర్ని ఆ గదిలోంచి పంపించెయ్.

కలం పేరూ, పోటీలూ అంటావా, ఇంకోసారి చూద్దాం.