సీ డ్రైవ్ ఎర్రగా అయిపోయింది, ఏది తింటోందో తెలీట్లేదు, డిస్క్ అనలైజర్ వాడొచ్చా?

ఫొటోలు తీసేశారు, డౌన్‌లోడ్స్ ఖాళీ చేశారు, రీసైకిల్ బిన్ కూడా ఊడ్చేశారు, అయినా సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగానే ఉంది, ఏ ఫైలు ఎంత చోటు తింటోందో చూపించే ఈ అనలైజర్ సాఫ్ట్‌వేర్ వేస్తే ఏమన్నా పాడవుతుందేమో అని మీ భయం. వేసెయ్యండి, ఏం కాదు. అది చూపించడం వరకే, పాడయ్యేదంతా ఆ తర్వాత మన వేలు డిలీట్ మీదకి వెళ్ళినప్పుడే. నేను దెబ్బతిని నేర్చుకున్నా, చివర్లో చెప్తా.

నాది 256 జీబీ ఎస్‌ఎస్‌డీ డిస్క్. విండోస్‌లో 238 అనే చూపిస్తుంది, అందులో మోసం ఏం లేదులెండి, అమ్మేవాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. మా చెల్లి పెళ్ళి వీడియో నేనే కట్ చేస్తా అని పెద్ద పోజు కొట్టి కూర్చున్నా, సగంలో ఉండగా 3 జీబీ మిగిలింది, సాఫ్ట్‌వేర్ సేవ్ కూడా చెయ్యనంటోంది. సీ డ్రైవ్ ఓపెన్ చేసి కనపడిన ఒక్కో ఫోల్డర్‌లోకీ వెళ్ళి, అక్కడ కనపడినవాటి ప్రాపర్టీస్ చూసి కలుపుకుంటే మొత్తం 130 కూడా లేదు, మరి మిగతా వంద ఎవడు మింగాడు? అసలు సంగతేంటంటే దాచిపెట్టిన ఫోల్డర్లూ సిస్టమ్ ఫోల్డర్లూ అలా చూస్తే సరిగ్గా లెక్కకి రావు, ముఖ్యంగా యూజర్స్‌లో మీ పేరున్న ఫోల్డర్ లోపల యాప్‌డేటా అని ఒకటి ఉంటది, మామూలుగా కనపడదు, దొంగలందరూ అక్కడే ఉంటారు.

నేను వాడింది విజ్‌ట్రీ అనే అనలైజర్. ఫ్రీనే, సొంతానికి వాడుకుంటే. ఇది ఒక్కో ఫోల్డర్‌లోకీ దూరి చూడకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌లో (విండోస్ మామూలుగా వాడే ఫార్మాట్ అదే) ఫైళ్ళ పట్టిక ఒకటి ఉంటుంది, ఎంఎఫ్‌టీ అంటారు, నేరుగా అదే చదివేస్తుంది, అందుకే టీ చల్లారేలోపు కాదు, కప్పు ఎత్తేలోపే అయిపోయింది. రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తోనే ఓపెన్ చెయ్యండి, లేకపోతే ఆ స్పీడూ రాదు, కొన్ని ఫోల్డర్లు లెక్కలోకీ రావు. విన్‌డర్‌స్టాట్, ట్రీసైజ్ ఫ్రీ అనే అనలైజర్లు కూడా మంచివే. విన్‌డర్‌స్టాట్ 2003 నుంచి ఉన్న పాత మనిషి, స్కాన్ అవుతుంటే చిన్న ప్యాక్‌మ్యాన్ బొమ్మలు అటూ ఇటూ తిరుగుతుంటాయి, మా పిల్లాడికి అదే ఇష్టం. ఏది దింపినా వాళ్ళ సొంత సైట్ నుంచే దింపండి, గూగుల్‌లో పైన వచ్చే యాడ్ నొక్కకండి.

స్కాన్ అయ్యాక కింద రంగురంగుల డబ్బాలు వస్తాయి, ఊరి సర్వే మ్యాపులో కమతాల్లా. ఎంత పెద్ద డబ్బా అయితే అంత పెద్ద ఫైలు. నా దాంట్లో ఒక మూల మొత్తం ఒకటే రంగు, మౌస్ పెట్టి చూస్తే యాప్‌డేటాలో రోమింగ్, దాంట్లో యాపిల్ కంప్యూటర్, దాంట్లో మొబైల్‌సింక్, దాంట్లో బ్యాకప్. రెండు బ్యాకప్‌లు, ఒకటి 41 జీబీ, ఇంకోటి 27. మా ఆవిడ పాత ఐఫోన్‌వి. ఆ ఫోన్ అమ్మేసి మూడేళ్ళు దాటింది, అద్దెకున్నోళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయినా వాళ్ళ సామాను మా అటక మీదే ఉన్నట్టు ఉంది లెక్క. ఫొటోలన్నీ ఉన్నాయా లేవా అని ఆవిడని అడిగి, ఒకటికి రెండుసార్లు ఊ అనిపించుకుని, ఐట్యూన్స్ ప్రిఫరెన్సెస్‌లో డివైసెస్‌లోకి వెళ్ళి అక్కడ డిలీట్ బ్యాకప్ కొట్టా. అనలైజర్‌లోంచి కొట్టలేదు, గమనించండి. వీడియో ఎడిటర్ క్యాష్, అంటే అది పని కోసం పెట్టుకున్న తాత్కాలిక ఫైళ్ళు, ఇంకో 22 జీబీ, అది కూడా ఎడిటర్ సెట్టింగ్స్‌లోంచే క్లియర్ చేశా. ఏ సాఫ్ట్‌వేర్ చెత్త ఆ సాఫ్ట్‌వేర్‌తోనే తీయించాలి, అదొక్కటి పట్టుకుంటే చాలు.

తర్వాత హైబర్‌ఫిల్ డాట్ సిస్ అని 6 జీబీ పైనే కనపడింది. అది హైబర్నేట్ కోసం, అంటే తెరిచున్నవన్నీ డిస్క్‌లో దాచి కంప్యూటర్ ఆపెయ్యడం కోసం, విండోస్ పెట్టుకున్న ఫైలు, చేత్తో డిలీట్ అవ్వదు. నేను హైబర్నేట్ వాడను కాబట్టి కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్ అని కొడితే అదే పోయింది. దీంతో కంప్యూటర్ త్వరగా ఆన్ అయ్యే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది, ఎస్‌ఎస్‌డీ మీద నాకైతే తేడా తెలీలేదు. పేజ్‌ఫైల్ అని ఇంకోటి కనపడుతుంది, ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది, దాని జోలికి మాత్రం వెళ్ళొద్దు. విండోస్ తన సొంత భాగాలు దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ చూసి కూడా కంగారు పడకండి, అందులో చాలా ఫైళ్ళు హార్డ్ లింకులు, అంటే ఒకే ఫైలు రెండు చోట్ల పేరు రాయించుకుంటుంది, అందుకే ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది. విండోస్ డాట్ ఓల్డ్ అని పాత విండోస్ ఫోల్డర్ ఉంటే, విండోస్‌లోనే ఉండే డిస్క్ క్లీనప్‌లో క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కి అక్కడ టిక్ పెట్టండి.

ఇలా 3 జీబీ నుంచి దాదాపు 100 దాకా వచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఊపులో ఉన్నాను కదా, విండోస్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాలర్ అని 9 జీబీ కనపడింది, లోపల అన్నీ అర్థంలేని పేర్లు, ఇన్‌స్టాల్ అయిపోయాక ఇన్‌స్టాలర్ ఎందుకులే అని షిఫ్ట్ డిలీట్ కొట్టేశా, అంటే రీసైకిల్ బిన్‌లో కూడా లేదు. ఆరోజు ఏమీ కాలేదు. నెల తర్వాత నాన్నగారి షాపు లెక్కల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్యబోతే ఫైలు దొరకట్లేదు అంది, సరే తీసేసి మళ్ళీ వేద్దాం అంటే తీయడానికి కూడా ఆ ఫైలే కావాలంట, ఆ ఫోల్డర్‌లో ఉండేవి అవే. ఇప్పటికీ ఆ పాత వర్షన్ ప్రోగ్రామ్స్ లిస్టులో అలాగే కూర్చునుంది, పోదు, మారదు, నాన్నగారు వచ్చినప్పుడల్లా "ఇది ఎప్పుడు బాగవుద్దిరా" అంటారు.