సంక్రాంతికి ఊరెళ్తే తుమ్ములు... అది రొంప కాకపోవచ్చు

విజయనగరంలో బాగానే ఉంటున్నారు, సంక్రాంతికి పలాస దగ్గర మీ అత్తవారి ఊరు వెళ్లగానే తుమ్ములు పట్టుకుంటున్నాయి, తిరిగొచ్చిన కొద్దిరోజులకి తగ్గుతున్నాయి, ప్రతిసారీ యాంటీబయాటిక్ మింగుతున్నారు, అంతేనా అండి? మాదీ ఉద్దానమే, చిన్నప్పటి నుంచి నాకున్న బాధా ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రొంపైతే గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, ఒక్కోసారి జ్వరం ఉండి వారం పదిరోజుల్లో దానంతటదే పోతుంది. ఎలర్జీకి జ్వరం రాదు. పొద్దున్నే వరసపెట్టి తుమ్ములు, ముక్కు నుంచి నీళ్లలా కారడం, అన్నిటికంటే ముఖ్యంగా దురద: ముక్కులో, కళ్లలో, అంగిట్లో కూడా. హే ఫీవర్ అనేది దీన్నే. పుప్పొడిని మన ఒళ్లు శత్రువనుకుని హిస్టమిన్ అనే రసాయనం విడుదల చేస్తుంది, ఈ గొడవంతా దానివల్లే. ఇందులో సూక్ష్మజీవే లేనప్పుడు యాంటీబయాటిక్ దేన్ని చంపుతుంది చెప్పండి?

మా వైపు అందరూ జీడిమామిడి పూతనే తిడతారు. జీడి పుప్పొడి పడనివాళ్లూ ఉన్నారు, కాదనను, కానీ అది జిగురుగా ఉంటుంది, ఎక్కువగా పురుగుల మీదే ప్రయాణిస్తుంది. గాలిలో దూరం ఎగిరేది గడ్డి పుప్పొడి, సముద్రం వైపు సరుగుడు తోటలది. రోడ్ల పక్కన తెల్లపూల వయ్యారిభామ కూడా చాలామందికి పడదు. దానికి తోడు పండగ రోజుల్లో వరి నూర్పిళ్లు, ఆ గడ్డి దులిపితే లేచే ధూళిలో బూజు కూడా ఉంటుంది. ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు, చుట్టాలొస్తున్నారని ఏడాదంతా పెట్టెలో ఉన్న బొంతలు తీసి అలాగే పరిచేస్తారు, వాటి నిండా కంటికి కనబడని దుమ్ము పురుగులే. మీకు రాత్రి పడుకున్నాక ఎక్కువవుతోందా, కళ్లం దగ్గరకి వెళ్లొస్తే ఎక్కువవుతోందా గమనించండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఈసారి బొంతలు ముందే వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయమని ఫోన్ చేసి చెప్పండి, అత్తగారు ఏమీ అనుకోరు.

మందుల విషయానికొస్తే, సిట్రిజిన్ దురదకీ తుమ్ములకీ బాగానే పనిచేస్తుంది కానీ కొందరికి మత్తుగా ఉంటుంది, బండి నడిపేవాళ్లు జాగ్రత్త. ఫెక్సోఫెనడిన్‌తో ఆ మత్తు తక్కువ, పళ్ల రసంతో మాత్రం వేసుకోకండి, మందు సరిగా ఒంటబట్టదు. ముక్కు దిబ్బడకి అసలైన మందు ఫ్లూటికాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే. స్టెరాయిడ్ అనగానే భయపడతారు గానీ ఇది ముక్కులోనే పనిచేస్తుంది, ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. ఒక్కరోజు కొట్టి "ఏం తగ్గలేదు" అని పక్కన పడేస్తే లాభం లేదు, పూర్తిగా పనిచేయడానికి రోజులు పడుతుంది. అందుకే డాక్టరుని అడిగి డిసెంబరు ఆఖరులోనే మొదలుపెట్టండి. తల కాస్త వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టాలి, అప్పుడు మందు మధ్య గోడకి కాకుండా బయటి వైపుకి పోతుంది. మధ్య గోడకి కొడితే రక్తం రావచ్చు. కొట్టాక గట్టిగా ఎగపీల్చకండి, గొంతులోకి దిగిపోతుంది.

మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే దిబ్బడ చుక్కలు వేరు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ అని సీసా మీద ఉంటుంది. క్షణాల్లో ముక్కు తెరుచుకుంటుంది, కానీ మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే అవే దిబ్బడ తెస్తాయి, ఇక చుక్కలు లేనిదే నిద్రపట్టదు. మాంటెలుకాస్ట్ అనే ఎలర్జీ మందు కలిపిన మాత్రలు కూడా డాక్టరుని అడక్కుండా వేసుకోవద్దు. కొందరిలో పీడకలలు, దిగులు తెస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక పెట్టించింది, హే ఫీవర్‌కైతే మిగతావి పనిచేయనప్పుడే వాడమంది. ఇక పండక్కొచ్చిన ప్రతివాళ్లకీ ఊళ్లో పొడిచే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అసలొద్దండి, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకి, ఒక్కసారిగా పెరిగిపోతుంది.

ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం నాకు చాలా హాయినిచ్చింది. నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే ఉండాలి, బోరు నీళ్లు తిన్నగా వద్దు.

రాత్రిపూట దగ్గు, ఛాతీలో పిల్లికూతలు, ఆయాసం ఉంటే మాత్రం ఇంట్లో చూసుకోకండి, ఉబ్బసం కూడా ఉందేమో డాక్టరు చూడాలి. ఏది పడట్లేదో తేల్చే స్కిన్ టెస్టు రాస్తే, ఈ ఎలర్జీ మాత్రలు ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి వెళ్లండి, అవి ఒంట్లో ఉండగా పరీక్ష సరిగా తేలదు.