5,08,001లో కామాలు చెరిపితే

ప్రశ్న: మా పిన్‌కోడ్ 508001. 2, 3, 5, 7, 11లతో భాగించాను, ఒక్కదానితోనూ పోలేదు. ప్రధాన సంఖ్యే అనుకోవచ్చా?
– ఇంటర్ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: అప్పుడే అనుకోవద్దు. 712 వర్గం 506944, 713 వర్గం 508369. కాబట్టి 712 లోపు ప్రధాన సంఖ్యలన్నీ చూశాకే ఆ మాట అనాలి. మీరు సరిగ్గా ఒక్క మెట్టు ముందు ఆగారు. 13తో పోతుంది.

నిజానికి 7, 11, 13లకు వేర్వేరుగా భాగహారం అక్కర్లేదు. మూడింటి లబ్ధం 1001. సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోవాలి. ఇక్కడ ఉన్నవి 001, 508. తేడా 507. దాన్ని 7తో భాగిస్తే 3 మిగులుతుంది, 11తో 1 మిగులుతుంది, 13తో 39 సార్లు నిశ్శేషంగా పోతుంది. 508 × 1001లోంచి 507 తీసేస్తే వచ్చేదే 508001. అందుకే 507 సంగతి తేలితే మొత్తం సంగతి తేలినట్టే.

చాలామంది తప్పేది కామాల దగ్గర. 5,08,001 అని రాసుకుని, ఆ ముక్కలతోనే 1 – 8 + 5 చేస్తారు. –2 వస్తుంది, 13 చేజారుతుంది. లక్షల కామాలు చెరిపేసి మూడేసి అంకెలకు గీతలు పెట్టుకోండి.

13తో భాగిస్తే 39077. ఇక 712 దాకా పోనక్కర్లేదు, 197 చాలు. 13తో మళ్లీ పోదు, 17, 19లతోనూ పోదు. 23తో పోయి 1699 వస్తుంది. చిన్నవన్నీ ముందే తేలిపోయాయి కనుక దీనికి 23, 29, 31, 37, 41 చూస్తే సరి. శేషాలు వరుసగా 20, 17, 25, 34, 18. అంటే 1699 ప్రధాన సంఖ్యే. 508001 = 13 × 23 × 1699. కారణాంకాలు ఎనిమిది: 1, 13, 23, 299, 1699, 22087, 39077, 508001.

ప్రశ్న: అదే పద్ధతి మా 509001కి పనిచేస్తుందా?
– పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: చేస్తుంది. తేడా 508, మూడింటితోనూ పోదు. కానీ అంకెల మొత్తం 15. 3తో పోతుందని అక్కడే తెలిసిపోయేది, ముందు అది చూడాల్సింది.

ప్రశ్న: ఎక్సెల్‌లో 508001 ఘనం కట్టి మూడేసి అంకెలు విడగొట్టాను. 13తో పోవాల్సింది 7తో పోతోంది. సూత్రం తప్పా?
– ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: సూత్రం కాదు, సంఖ్యే మారింది. ఎక్సెల్ 15 అంకెలే చూపుతుంది, ఆపైన సున్నాలు పెడుతుంది. ఈ ఘనానికి 18 అంకెలు: 131 097 286 193 524 001. ఎక్సెల్‌లో చివరి 001 కాస్తా 000 అయింది. అసలు సంఖ్యతో 1 – 524 + 193 – 286 + 97 – 131 = –650, అంటే 13 × 50. ఆ ఒకటి పోతే –651, అది 7 × 93. మీకు కనబడ్డ 7 ఇదే.

లెక్క కట్టాక సెల్‌ను టెక్స్ట్‌గా మార్చినా పోయిన అంకె తిరిగి రాదు. ముందే టెక్స్ట్‌గా మార్చి, చేత్తో కట్టిన సంఖ్యను ఎక్కించాలి. చేత్తో కట్టడం కష్టమేమీ కాదు: 508 ఘనం 131096512, దాని పక్కన తొమ్మిది సున్నాలు పెట్టి, 774192000000, 1524000, 1 కలపండి.