గ్లూకోసమిన్ అంటే ఏమిటి? అది చక్కెరేనా?

ఆదోని నుంచి ఒకరు అడిగారు: "మా అమ్మకు మోకాళ్ల నొప్పికి గ్లూకోసమిన్ మాత్రలు రాశారు. ఇది కూడా చక్కెరేనా? అమ్మకు షుగర్ ఉంది."

చక్కెర జాతిదే, కానీ టీలో వేసుకునేది కాదు. గ్లూకోజు రెండో కార్బన్ దగ్గరి హైడ్రాక్సిల్ (OH) స్థానంలో నైట్రోజన్ ఉన్న అమైనో (NH₂) గుంపు చేరితే గ్లూకోసమిన్ అవుతుంది. మన కణాలే ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్ అనే చక్కెర రూపం, గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లంతో దాని ఫాస్ఫేట్ రూపాన్ని తయారు చేసుకుంటాయి. కీళ్ల మృదులాస్థిలో నీటిని పట్టి ఉంచే పొడవాటి గొలుసుల్లో, కీళ్ల జిగురు ద్రవంలోని హయలురోనిక్ ఆమ్లంలో ఉండేది దీని ఎసిటైల్ రూపమే, అంటే అమైనో గుంపుకు ఎసిటైల్ అనే చిన్న గుంపు తగిలించినదే. బ్యాక్టీరియా గోడలోనూ అదే ఉంటుంది.

పురుగుల పైపెంకులోని కైటిన్ కూడా ఆ ఎసిటైల్ రూపపు గొలుసే. కర్నూలు వైపు పత్తి చేలల్లో కొట్టే పురుగుమందు నోవాల్యురాన్ సరిగ్గా ఇక్కడే దెబ్బ తీస్తుంది: కైటిన్ తయారీ ఆగిపోతుంది, కుబుసం విడిచే లద్దెపురుగుకు కొత్త చర్మం సరిగా ఏర్పడదు, చస్తుంది. మనిషి ఒంట్లో కైటిన్ తయారవదు. అయినా మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు మానకండి.

ఇక మాత్రల సంగతి. వాటిని ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచే తీస్తారు, కాబట్టి రొయ్యలు పడనివాళ్లు ముందే చెప్పాలి. 2006లో వెలువడిన 1,583 మంది అమెరికా పరీక్షలో, మొత్తం మీద, మోకాలి నొప్పికి ఉత్తుత్తి మాత్ర కంటే ఇది గట్టిగా మేలనిపించలేదు. నేనైతే దీనిమీద పెద్ద ఆశ పెట్టుకోను. మామూలు మోతాదులో షుగర్ పెద్దగా పెరగదనే చాలా పరీక్షలు చెప్పాయి. అయినా మొదట్లో రీడింగులు చూసుకుంటూ ఉండండి. అమ్మ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే మాత్రం డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు, రక్తస్రావం ముప్పు పెరగొచ్చు.