నగరం మధ్యలోని అడవికి వెళ్లేముందు

చిట్టితల్లికి ఆశీస్సులు.

పిల్లల్ని తీసుకుని మీ నగరంలోని అడవి పార్కుకి వెళ్తున్నామని రాశావు, చాలా సంతోషం. ఒక్క మాట ముందే చెప్తాను. అక్కడున్న దారులన్నీ ఒకే పూటలో చుట్టెయ్యాలని పెట్టుకోవద్దు. ఒక్క దారి పట్టుకోండి, నచ్చిన చోట అరగంట కూర్చోండి, చాలు. మన అడుగుల చప్పుడుకి పిట్టలు కిక్కురుమనవు. కదలకుండా కాసేపు కూర్చుంటే మళ్లీ వాటి పనిలో అవి పడిపోతాయి.

తెల్లవారేసరికి గేటు దగ్గరుంటే మంచిది. ఆ వేళ ట్రాఫిక్ రొద తక్కువ, కూతలు బాగా వినిపిస్తాయి. ఎండెక్కితే అవీ నీడ చూసుకుంటాయి. నిండు చేతుల చొక్కాలు, బూట్లు, మంచినీళ్లు సరే, నీకు తెలిసినవే. గేటు దగ్గరున్న మ్యాప్‌ని ఫోన్‌లో ఫోటో తీసుకో, లోపల సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.

పిల్లలకి చిన్న ప్రాణుల్ని చూపించు. వేడి ప్రాంతాల్లో అయితే ఎర్రచీమలు ఆకులతో కట్టుకున్న గూళ్లు కొమ్మల్లో కనిపిస్తాయి. కొన్ని చీమలు వరసగా నిలబడి రెండు ఆకుల అంచుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటాయి. ఇంకొన్ని తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకుని, మగ్గంలో నాడె ఆడించినట్టు, అటూ ఇటూ తిప్పుతాయి. ఆ పిల్లల నోటి నుంచి వచ్చే పట్టుదారంతోనే ఆకులు అతుక్కుంటాయి. ఎంతసేపు చూసినా తనివి తీరదు. చెయ్యి మాత్రం పెట్టనివ్వకు, గట్టిగా కరుస్తాయి.

కోతులకి ఏమీ పెట్టొద్దు, ఎంత జాలేసినా సరే. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని అలవాటైన కోతి తర్వాత లాక్కోవడం మొదలుపెడుతుంది. సింగపూర్‌లో అయితే వాటికి తిండి పెడితే జరిమానా వేస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు కనబడనీయకు. కళ్లలోకి చూడొద్దు, పళ్లు కనబడేలా నవ్వొద్దు. అది బెదిరింపు అనుకుంటుంది.

ఊళ్లో ఉంది కదా, తోటే కదా అనుకోకు. ముంబైలోని సంజయ్ గాంధీ నేషనల్ పార్కులో చిరుతలు తిరుగుతాయి. అలాంటి చోట పొద్దు వాలకముందే బయటపడాలి, పిల్లలు మీకంటే ముందు పరిగెత్తకూడదు.

దారి దిగి నడవొద్దని బోర్డు ఉంటే తప్పకుండా పాటించండి. పదిమంది తొక్కితే మట్టి గట్టిపడుతుంది, వాన నీరు ఇంకదు, వేళ్లకి గాలి ఆడదు. పోయిన అడవిని తిరిగి తెచ్చుకోవడం ఎంత పనో తెలుసా? రియో డి జనీరోలో కాఫీ తోటల కోసం కొండలు బోడి చేస్తే ఊరికి నీటి కరువొచ్చింది. 1861లో ప్రభుత్వం పూనుకుని, మళ్లీ మొక్కలు నాటించి పెంచిన అడవే ఇప్పటి టిజూకా.

ఇంటికి రాగానే పిల్లల చెవుల వెనక, మోకాళ్ల మడతల్లో పిడుదులు పట్టాయేమో చూడు. ఉంటే నలపకుండా, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా పైకి లాగెయ్యి. ఆ తర్వాత స్నానాలు చేయించు.

మీ పెద్దమ్మ